కోనసీమ గ్యాస్ బావులు - వ్యర్థాల పర్యవేక్షణ, కాలుష్య బాధ్యత: ఒక చారిత్రక పరిశీలన

ప్రస్తావన

గౌతమి, వసిష్ఠ పాయల నడుమ బంగాళాఖాతాన్ని ఆనుకుని ఉన్న కోనసీమ ఆధునిక చరిత్రలో రెండు పెద్ద మలుపులు కనిపిస్తాయి. మొదటిది నేలమీది నీటికి సంబంధించినది. 1847లో ఆరంభమై 1852 నాటికి పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట ఈ మధ్య డెల్టాను కాలువల సీమగా మార్చింది. రెండవది నేల అడుగున ఉన్న వాయువుకు సంబంధించినది. 1970ల చివర నరసాపురం ప్రాంతంలో మొదలైన చమురు, సహజవాయు అన్వేషణ 1980లలో వసిష్ఠను దాటి రాజోలు, తాటిపాక, పాశర్లపూడి పరిసరాలకు విస్తరించింది. కొబ్బరితోటల మధ్య రిగ్గులు లేచాయి. వరిచేల కింద గొట్టాలు పడ్డాయి. 2001లో తాటిపాకలో ఓ.ఎన్.జి.సి. చిన్న శుద్ధి కర్మాగారం కూడా పనిచేయడం ప్రారంభించింది.

మొదటి మలుపు గురించి తెలుగులో రచన విస్తారంగా ఉంది. రెండవదాని గురించి ఉన్నదంతా దాదాపుగా ప్రమాదాల చుట్టూ అల్లుకున్నదే. 1995 నాటి పాశర్లపూడి బ్లోఔట్, 2014 నాటి నగరం గొట్టపు పేలుడు అనే రెండు ఘటనలు కోనసీమ ప్రజల జ్ఞాపకంలో పరిశ్రమ చరిత్రకు హద్దురాళ్లుగా నిలిచాయి. బావి తవ్వినప్పుడు బయటపడే బురద, రాతిముక్కలు, చమురు మడ్డి, వాయువుతో పాటు పైకి వచ్చే ఉప్పునీరు ఎక్కడ నిల్వ ఉన్నాయి, ఎవరు లెక్క చూశారు, నేల చెడితే ఎవరు బాధ్యులు అనే ప్రశ్నలు ఆ చరిత్రలో పక్కకు తప్పుకున్నాయి. కాలుష్య బాధ్యతకు సంబంధించిన న్యాయం, పాలన, భాష ఈ ప్రాంతంలో ప్రమాద ఘటన చుట్టూ రూపుదిద్దుకున్న తీరునూ, నిల్వ వ్యర్థం విషయంలో ఆ చట్రం చాలకపోవడాన్నీ ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

డెల్టా నేల, బావి వ్యర్థం

బావి తవ్వకంలో వ్యర్థం అనేది అనుకోకుండా పుట్టేది కాదు. అది పనిలో భాగం. తవ్వే ములికిని చల్లబరచడానికి, పొరల ఒత్తిడిని అదుపులో ఉంచడానికి, తెగిన రాతిముక్కలను పైకి తేవడానికి డ్రిల్లింగ్ మడ్ అనే బురద ద్రవాన్ని బావిలోకి పంపుతారు. బంకమట్టి, బరైట్, కొన్ని రసాయనాలు కలిసిన ఈ ద్రవం రాతిముక్కలతో తిరిగి పైకి వస్తుంది. వాడడానికి పనికిరాని మడ్‌ను, కడిగిన రాతిముక్కలను రిగ్గు పక్కన తవ్విన గుంటలో వేస్తారు. ఉత్పత్తి మొదలైన తరువాత మరో రకం వ్యర్థం వస్తుంది. వాయువుతో పాటు భూగర్భ పొరల్లోని ఉప్పునీరు, కండెన్సేట్ అనే ద్రవ ఇంధనం పైకి వస్తాయి. వాయు సేకరణ కేంద్రంలో వీటిని వేరుచేసి, నీటిని శుద్ధి చేసి వదలాలి, లేదా లోతైన పాతబావిలోకి తిరిగి పంపాలి. తొట్ల అడుగున చమురు మడ్డి మిగులుతుంది.

ఎడారిలో గుంట తవ్వడం వేరు, డెల్టాలో తవ్వడం వేరు. కోనసీమలో భూగర్భజలం పైపైనే ఉంటుంది. మంచినీటి పొర కింద, పక్కన ఉప్పునీటి పొరలు ఉంటాయి. చేలకు నీరు తెచ్చే కాలువ, చేల నీరు తీసుకుపోయే మురుగు కాలువ పక్కపక్కనే సాగుతాయి. లంక గ్రామాలకు వరద కొత్త కాదు. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర గోదావరి ప్రవాహం 35 లక్షల క్యూసెక్కులు దాటింది. 2022 జులైలో 25 లక్షల క్యూసెక్కులకు మించిన వరద లంకలను మళ్లీ ముంచింది. 1996 నవంబరు 6న తీరాన్ని తాకిన తుపాను కోనసీమ కొబ్బరిని నేలకూల్చింది. ఇటువంటి చోట నిల్వ ఉంచడం అంటే కదలకుండా ఉంచడం అని అర్థం చేసుకోవడానికి వీలు లేదు. గుంట గట్టు ఎత్తు, అడుగున పరిచిన పొర, అందులోని నీటిమట్టం అనే మూడింటిని వానాకాలానికి ముందు ఎవరు చూశారన్నదే అసలు విషయం. పర్యవేక్షణ అనే మాటకు కోనసీమలో ఉన్న నిర్దిష్టమైన అర్థం ఇదే.

పాశర్లపూడి, 1995

1995 జనవరి 8న దేవర్లంక వద్ద ఓ.ఎన్.జి.సి. తవ్వుతున్న పాశర్లపూడి 19వ నంబరు బావి అదుపు తప్పింది. ఒత్తిడితో పైకి వచ్చిన వాయువు అంటుకుని రిగ్గును కమ్మేసింది. విదేశీ నిపుణుల సహాయంతో మార్చి 15న మంటను ఆర్పేసరికి 65 రోజులు గడిచాయి. చుట్టుపక్కల ఊళ్ల ప్రజలను తరలించారు. 'బ్లోఔట్' అనే ఆంగ్లపదం కోనసీమ తెలుగులో ఏ అనువాదమూ అక్కరలేని మాటగా స్థిరపడింది ఈ 65 రోజుల్లోనే.

పాశర్లపూడి ఘటనను చరిత్రకారుడు రెండు విధాలుగా చూడవలసి ఉంటుంది. ప్రమాదంగా చూస్తే దానికి ఆరంభం, అంతం ఉన్నాయి. మండిన ఇల్లు, మాడిన చెట్టు, ఖాళీ అయిన ఊరు కంటికి కనిపిస్తాయి, లెక్కకు అందుతాయి. కాలుష్యంగా చూస్తే మార్చి 15 అంతం కాదు. మంటను అదుపు చేయడానికి వాడిన నీరు, బావి నుంచి ఎగజిమ్మిన ద్రవాలు, కాలిన ఇంధనపు మసి, మిగిలిన బురద నేలలోనూ కాలువల్లోనూ ఏమయ్యాయన్నది ఆర్పివేతతో తేలే విషయం కాదు. ఘటన గురించిన ప్రజాజ్ఞాపకం మాత్రం మొదటి దృష్టినే నిలుపుకుంది. బ్లోఔట్ కథ మంట ఆరడంతో ముగుస్తుంది.

ఆ నాటికి చట్టం లేకపోలేదు. 1974 నీటి చట్టం, దాని ప్రకారం 1976లో ఆంధ్రప్రదేశ్‌లో ఏర్పడిన కాలుష్య నియంత్రణ మండలి, 1981 గాలి చట్టం, భోపాల్ దుర్ఘటన తరువాత వచ్చిన 1986 పర్యావరణ పరిరక్షణ చట్టం, 1989 ప్రమాదకర వ్యర్థాల నియమాలు అమలులో ఉన్నాయి. అయితే చమురు తవ్వకపు ద్రవవ్యర్థాలకు ప్రత్యేక ప్రమాణాలు 1996 ఏప్రిల్‌లోగాని రాలేదు. భూమిపైకి వదిలే నీటిలో చమురు, జిడ్డు లీటరుకు 10 మిల్లీగ్రాములు, క్లోరైడులు 600 మిల్లీగ్రాములు, కరిగిన ఘనపదార్థాలు 2,100 మిల్లీగ్రాములు మించరాదని అవి నిర్దేశించాయి. వ్యర్థజలాన్ని పాతబావిలోకి పంపదలిస్తే 1,000 మీటర్లకు పైబడిన లోతుకే పంపాలన్నాయి. తవ్వకపు బురద, రాతిముక్కల పారవేతకు మార్గదర్శకాలు 2005 ఆగస్టు 30న వచ్చాయి. అంటే కోనసీమలో తవ్వకం మొదలై రెండు దశాబ్దాలు గడిచిన తరువాత, పాశర్లపూడి ఘటన జరిగిన పదేళ్లకు గుంటకు ప్రత్యేక నియమం ఏర్పడింది.

2005 మార్గదర్శకాల ప్రకారం గుంట అడుగున, గోడలకు నీరు ఇంకని పొర ఉండాలి. ఊటనీటిని పోగుచేసే ఏర్పాటు ఉండాలి. పని ముగిశాక గుంటను నీరు చొరని పొరతో కప్పి, దానిపై స్థానిక మట్టి పరచాలి. డీజిలు ఆధారిత మడ్ వాడరాదు. బరైట్‌లో పాదరసం కిలోకు 1 మిల్లీగ్రాము, కాడ్మియం 3 మిల్లీగ్రాములు దాటరాదు. నియమాలు ఇంత వివరంగా ఉన్నా, కప్పిన గుంట తరువాతి కాలంలో కౌలు ముగిసి పొలంగా రైతుకు తిరిగి వచ్చినప్పుడు, ఆ నేల చరిత్రను రైతుకు తెలిపే పత్రం ఏది అనే ప్రశ్నకు ఆ మార్గదర్శకాలలో జవాబు లేదు.

జాబితాలో ఉన్నది, లేనిది

వ్యర్థాల పర్యవేక్షణ చరిత్ర పెద్దభాగం జాబితాల చరిత్ర. ఒక పదార్థం ప్రమాదకర వ్యర్థాల జాబితాలో ఉంటే దానికి లెక్కల పుస్తకం, రవాణా పత్రం, నిల్వ గడువు వర్తిస్తాయి. లేకపోతే వర్తించవు. 1989 నియమాల స్థానంలో 2008లో, మళ్లీ 2016లో కొత్త నియమాలు వచ్చాయి. 2016 నియమాల మొదటి షెడ్యూలు చమురు, సహజవాయు ఉత్పత్తి కింద మూడింటిని పేర్కొంటుంది: నీటి ఆధారిత మడ్ నుంచి వచ్చినవి మినహా రాతిముక్కలు, చమురు కలిసిన మడ్డి, చమురు కలిసిన డ్రిల్లింగ్ మడ్. ఈ మినహాయింపు చిన్నదిగా కనిపించినా ఫలితం చిన్నది కాదు. నీటి ఆధారిత మడ్‌తో తవ్విన బావి రాతిముక్కలు ఈ జాబితా వెలుపల ఉంటాయి. వాటికి 2005 మార్గదర్శకాలు, మండలి అనుమతి షరతులే దిక్కు.

జాబితాలో ఉన్న వ్యర్థాన్ని సంస్థ తన ఆవరణలో 90 రోజులకు మించి నిల్వ ఉంచరాదు. కొన్ని సందర్భాల్లో మండలి దాన్ని 180 రోజుల వరకు పొడిగించవచ్చు. ఆ తరువాత అనుమతి ఉన్న శుద్ధి, పారవేత కేంద్రానికి పంపాలి. ఉమ్మడి రాష్ట్రంలో ఇటువంటి కేంద్రాలు హైదరాబాద్ దగ్గర దుండిగల్‌లో, విశాఖపట్నం దగ్గర పరవాడలో ఏర్పడ్డాయి. 2014 విభజనతో దుండిగల్ పొరుగు రాష్ట్రంలోకి వెళ్లింది. అదే 2016 నియమాలలో 23వది బాధ్యతను స్పష్టంగా చెబుతుంది. వ్యర్థాన్ని సరిగా నిర్వహించకపోవడం వల్ల పర్యావరణానికి గాని ఇతరులకు గాని కలిగే నష్టానికి ఆ వ్యర్థానికి కారణమైన సంస్థ, పారవేత కేంద్ర నిర్వాహకుడు బాధ్యులు. అయితే ఈ బాధ్యత నిరూపణకు కావలసిన మొదటి సాక్ష్యం సంస్థ తానే రాసుకునే లెక్కల పుస్తకం. మండలి తనిఖీ ఆ పుస్తకాన్ని సరిచూడాలి. కోనసీమ విషయాలు చూడవలసిన మండలి ప్రాంతీయ కార్యాలయం చాలాకాలం కాకినాడ కేంద్రంగానే పనిచేసింది. 2022 ఏప్రిల్ 4న కోనసీమ వేరు జిల్లాగా ఏర్పడేవరకు అమలాపురానికి జిల్లా కేంద్రం కూడా కాకినాడే.

తనిఖీ అధికారం ఒక్క మండలిదే కాదు. బావి భద్రత గనుల చట్టం కింద ఏర్పడిన భద్రతా డైరెక్టరేట్ పరిధిలోనిది. చమురు పరిశ్రమ భద్రతా ప్రమాణాలు 1986లో ఏర్పడిన చమురు పరిశ్రమ భద్రతా డైరెక్టరేట్ చూస్తుంది. గొట్టాల సంగతి 2006 చట్టంతో వచ్చిన పెట్రోలియం, సహజవాయు నియంత్రణ బోర్డుది. మరి గొట్టం కింది నేల రైతుదే. 1962 చట్టం ప్రకారం సంస్థ పొందేది వినియోగ హక్కు మాత్రమే. అందుకు రైతుకు చెల్లించేది భూమి మార్కెట్ విలువలో 10 శాతం. ఇలా అధికారం విభజింపబడిన చోట ఏ సంస్థ పరిధిలోకి ఏది వస్తుందో తేల్చుకోవడమే బాధితుని మొదటి శ్రమ అవుతుంది.

నగరం, 2014

2014 జూన్ 27 తెల్లవారుజామున మామిడికుదురు మండలం నగరం గ్రామంలో, తాటిపాక వాయు కేంద్రం సమీపాన గెయిల్ సంస్థ గొట్టం నుంచి లీకైన వాయువు పేలింది. 20 మందికి పైగా మరణించారు. ఇళ్లు, కొబ్బరితోటలు దగ్ధమయ్యాయి. ఆ గొట్టం తాటిపాక నుంచి కొండపల్లి వైపు విద్యుత్ కేంద్రానికి వాయువును తీసుకుపోయేది.

ఈ దుర్ఘటనను సాధారణంగా భద్రతా వైఫల్యంగానే వర్ణిస్తారు. కేంద్ర పెట్రోలియం మంత్రిత్వ శాఖ నియమించిన విచారణ సంఘం చెప్పిన కారణాన్ని పరిశీలిస్తే అది మరో కోణాన్ని కూడా చూపుతుంది. పొడి వాయువు కోసం ఉద్దేశించిన గొట్టంలో నీరు, కండెన్సేట్ కలిసిన తడి వాయువు ప్రవహించింది. తేమను తొలగించే యూనిట్ ఏర్పాటు కాలేదు. గొట్టం లోపలి నుంచి తుప్పు పట్టింది. సేకరణ కేంద్రంలో వేరుచేసి వ్యర్థంగా లెక్కలోకి తేవలసిన నీరు గొట్టంలోనే మిగిలిపోయింది. ఆ రకంగా నగరం దుర్ఘటన మూలం వ్యర్థాల నిర్వహణలోనే ఉంది. వ్యర్థాన్ని వేరుచేసి, కొలిచి, నమోదు చేయడం ఉత్పత్తికి అనుబంధమైన చిన్నపని కాదనీ, ప్రాణరక్షణకు సంబంధించినదనీ ఈ ఘటన రుజువు చేసింది.

నష్టపరిహారం విషయంలోనూ నగరం ఒక ముఖ్యమైన ఘట్టం. మృతుల కుటుంబాలకు గెయిల్ 20 లక్షలు, రాష్ట్ర ప్రభుత్వం 3 లక్షలు, కేంద్రం 2 లక్షల రూపాయలు ప్రకటించాయి. భోపాల్ అనుభవంతో వచ్చిన 1991 ప్రజా బాధ్యతా బీమా చట్టం ఎవరి తప్పో నిరూపించనవసరం లేకుండా తక్షణ సహాయం ఇవ్వాలంటుంది. దాని షెడ్యూలు మరణానికి నిర్ణయించింది 25,000 రూపాయలు. ఆస్తి నష్టానికి 6,000 రూపాయలు. అంతకు మించి అడిగే హక్కు ఉన్నా దానికి వేరే దావా వేయాలి. ప్రభుత్వ రంగ సంస్థలు తగిన నిధి ఏర్పాటు చేసుకుంటే బీమా నుంచి మినహాయింపు పొందే వీలు కూడా ఆ చట్టంలో ఉంది. నగరంలో ప్రకటించిన మొత్తం షెడ్యూలు మొత్తానికి వంద రెట్లు. అయితే పత్రికలు దానికి వాడిన పేరు 'ఎక్స్‌గ్రేషియా'. లాటిన్‌లో ఆ మాటకు అనుగ్రహపూర్వకంగా ఇచ్చేది అని అర్థం. చట్టం ఇచ్చిన హక్కు మొత్తం చిన్నది, అనుగ్రహంగా ఇచ్చిన మొత్తం పెద్దది అయినప్పుడు బాధితుడు హక్కు మార్గం వైపు చూడడు. ఆ మేరకు సంస్థ బాధ్యత ఎంత అన్న ప్రశ్న న్యాయస్థానంలో తేలకుండానే ముగుస్తుంది.

తెలుగులో 'నష్టపరిహారం' అన్న మాట వరద, తుపాను, పంట నష్టం సందర్భాల్లో ఎక్కువగా వాడుకలో ఉంది. కోనసీమ రైతుకు అది ప్రభుత్వం ఇచ్చే సహాయం. గ్యాస్ ప్రమాదం వచ్చినప్పుడు ఆ మాటే దానికీ అతికింది. దానితో పాటు ప్రకృతి వైపరీత్యపు భావమూ అతికింది. కారకుడు ఉన్న నష్టానికీ, కారకుడు లేని నష్టానికీ ఒకే పేరు ఉన్నప్పుడు 'బాధ్యత' అనే భావన వెనుకబడుతుంది.

న్యాయస్థానాల మార్గం

బాధ్యత సిద్ధాంతం మాత్రం న్యాయస్థానాల్లో బలపడుతూ వచ్చింది. ఢిల్లీ ఓలియం వాయు లీకు కేసులో 1986 డిసెంబరులో సుప్రీంకోర్టు, ప్రమాదకర పరిశ్రమ నడిపే సంస్థకు సంపూర్ణ బాధ్యత ఉంటుందని, మినహాయింపులేవీ లేవని ప్రకటించింది. నిల్వ వ్యర్థానికి సంబంధించిన మూల తీర్పు రాజస్థాన్‌లోని బిచ్ఛ్రి గ్రామానిది. అక్కడ రసాయన కర్మాగారాల మడ్డి ఆరుబయట పడివుండి, వానకు నేలలోకి దిగి, బావుల నీటిని పాడుచేసింది. 1996 ఫిబ్రవరి 13న తెలుగువారైన జస్టిస్ బి.పి. జీవన్‌రెడ్డి వెలువరించిన తీర్పు, కాలుష్యకారకుడే నేలను బాగుచేసే ఖర్చు కూడా భరించాలని నిర్దేశించింది. 1999లో హైదరాబాద్ జంట జలాశయాలకు సంబంధించిన ఆంధ్రప్రదేశ్ కాలుష్య నియంత్రణ మండలి కేసులో జస్టిస్ ఎం. జగన్నాథరావు, తన పని వల్ల హాని లేదని నిరూపించే భారం పరిశ్రమపైనే ఉంటుందని వివరించారు.

ఈ సిద్ధాంతాల అమలు వేగం గమనించదగింది. 2020 మే 7న విశాఖపట్నం ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్.జి. పాలిమర్స్ నుంచి స్టైరీన్ లీకైన మరునాడే జాతీయ హరిత ట్రిబ్యునల్ 50 కోట్ల రూపాయలు జమ చేయమని ఆదేశించింది. బిచ్ఛ్రి విషయంలో 1996 తీర్పు అమలు కోసం 2011లో కూడా సుప్రీంకోర్టు 37 కోట్ల రూపాయలకు పైబడిన మొత్తాన్ని వడ్డీతో చెల్లించమని మళ్లీ ఆదేశించవలసి వచ్చింది. ఒకటి క్షణంలో జరిగిన లీకు, మరొకటి ఏళ్ల తరబడి నిలిచిన మడ్డి.

ఈ తేడా చట్టపు నిర్మాణంలోనే ఉంది. 2010 జాతీయ హరిత ట్రిబ్యునల్ చట్టంలోని 17వ సెక్షను తప్పు నిరూపణ అక్కరలేని సూత్రాన్ని 'ప్రమాదం' విషయంలో వర్తింపజేయమంటుంది. నిరంతరంగా కలిగే హానినీ ఆ నిర్వచనం కలుపుకుంటుంది, కాని దాని వెనుక అనుకోని ఒక ఘటన ఉండాలి. అదే చట్టం 15వ సెక్షను పరిహారం కోరే దరఖాస్తుకు కారణం మొదట తలెత్తిన నాటి నుంచి అయిదేళ్ల గడువు పెడుతుంది. పేలుడుకు ఆ తేదీ గడియారంతో సహా తెలుస్తుంది. గుంట అడుగు పొర ఎప్పుడు చిరిగింది, ఉప్పు ఎప్పుడు బావిలోకి చేరింది, కొబ్బరి కాపు ఏ ఏడు తగ్గడం మొదలైంది అన్నవాటికి తేదీ చెప్పగలిగేది క్రమం తప్పని నీటి పరీక్షల నమోదు మాత్రమే.

కోనసీమకు సంబంధించి ఈ దిశలో ముఖ్యమైన ఆదేశం 2022లో వచ్చింది. స్థానికుడొకరు దాఖలు చేసిన దరఖాస్తుపై జాతీయ హరిత ట్రిబ్యునల్ ఈ ప్రాంతంలో కలిగిన కాలుష్యానికి ఓ.ఎన్.జి.సి.పై 22.76 కోట్ల రూపాయల పర్యావరణ పరిహారం విధించింది. మంట లేకుండా, మరణం లేకుండా, రోజువారీ ఉత్పత్తి వల్ల కలిగిన కాలుష్యం బాధ్యత పరిధిలోకి రావడం ఈ ప్రాంత చరిత్రలో విశేషం. అయితే పర్యావరణ పరిహారం స్వభావాన్ని కూడా గుర్తించాలి. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి రూపొందించిన సాధారణ సూత్రం పరిశ్రమ కాలుష్య సూచిక, ఉల్లంఘన జరిగిన రోజుల సంఖ్య, సంస్థ పరిమాణం, ప్రాంతం ఆధారంగా మొత్తాన్ని లెక్కిస్తుంది. అందులో ఒక రైతు బావి, ఒక తోట లెక్కకు రావు. రోజుల సంఖ్య కూడా తనిఖీ జరిగిన తేదీపైనే ఆధారపడుతుంది. తనిఖీ ఆలస్యమైతే ఉల్లంఘన కూడా ఆలస్యంగా మొదలైనట్లే లెక్క.

ఇటీవలి మార్పులు రెండు దిశల్లో సాగుతున్నాయి. 2023 జన విశ్వాస్ చట్టం ద్వారా పర్యావరణ పరిరక్షణ చట్టంలో అయిదేళ్ల వరకు ఉన్న జైలుశిక్ష స్థానంలో 10,000 నుంచి 15 లక్షల రూపాయల జరిమానా వచ్చింది. 2025 ఆగస్టు 4న జస్టిస్ పి.ఎస్. నరసింహ భాగస్వామిగా ఉన్న సుప్రీంకోర్టు ధర్మాసనం, కాలుష్య నియంత్రణ మండళ్లు నీటి, గాలి చట్టాల కింద పునరుద్ధరణ నష్టపరిహారం విధించవచ్చని తీర్పు చెప్పింది. అంతకు ముందు నెలలో వెలువడిన కలుషిత స్థలాల నిర్వహణ నియమాలు, అనుమానాస్పద స్థలాల వివరాలను జిల్లా యంత్రాంగం ఆరు నెలలకొకసారి నివేదించాలని, బాధ్యులు శుద్ధి ఖర్చు భరించాలని చెబుతున్నాయి. శిక్ష సడలింది, బాగుచేసే బాధ్యత గట్టిపడింది. రెండింటికీ ఆధారం నమోదే.

విచారణ, భాష

2006 పర్యావరణ ప్రభావ నోటిఫికేషన్ ప్రకారం బహిరంగ విచారణకు ముందు సంక్షిప్త నివేదికను ఆంగ్లంతో పాటు స్థానిక భాషలో ఇవ్వాలి. విచారణలో ప్రజలు లేవనెత్తిన అంశాల పట్టికనూ స్థానిక భాషలో రూపొందించాలి. కాని మడ్ పరిమాణం, గుంట కొలతలు, నీటి పరీక్షలు ఉండే పూర్తి నివేదిక తెలుగులో ఉండాలన్న నియమం లేదు. అనుమతి షరతుల అమలుపై సంస్థ ఆరు నెలలకొకసారి ఇచ్చే నివేదిక బహిరంగ పత్రమే అయినా అదీ ఆంగ్లంలోనే ఉంటుంది. 2020 జనవరి 16 సవరణ చమురు, వాయు అన్వేషణను బహిరంగ విచారణ అక్కరలేని తరగతిలోకి మార్చింది. ఉత్పత్తి దశకు పాత పద్ధతి మిగిలింది. అన్వేషణ దశలోనే మడ్ గుంట తవ్వుతారు కాబట్టి, ఊరివారు తెలుగులో ప్రశ్న అడిగి జవాబు రాయించుకునే అవకాశం ఆ దశలోనే పోయింది. అదే సంవత్సరం తమిళనాడు కావేరి డెల్టాను రక్షిత వ్యవసాయ మండలంగా ప్రకటిస్తూ, అక్కడ కొత్త చమురు, వాయు అన్వేషణను నిషేధించే శాసనం చేసింది. గోదావరి డెల్టాకు అటువంటి శాసనం లేదు.

సాంకేతిక పదజాలం విషయంలో తెలుగు చేయవలసిన పని ఇక్కడ ఉంది. బ్లోఔట్, రిగ్గు, పైపులైను వంటి మాటలు ప్రమాదాల ద్వారా జనవాడుకలోకి వచ్చాయి. నిల్వ గుంట, ఊటనీరు, లెక్కల పుస్తకం, రవాణా పత్రం వంటివాటికి సమాన ప్రచారం రాలేదు. పేరు తెలియని వస్తువు గురించి సమాచార హక్కు దరఖాస్తు రాయడం సాధ్యం కాదు. గ్రామసభలో అడగడమూ సాధ్యం కాదు.

ముగింపు

కోనసీమ గ్యాస్ చరిత్రను ఘటనల చరిత్రగా రాస్తే 1995, 2014 అనే రెండు సంవత్సరాలు మిగులుతాయి. వ్యర్థాల చరిత్రగా రాస్తే 1996 ప్రమాణాలు, 2005 మార్గదర్శకాలు, 2016 జాబితా, 2020 మినహాయింపు, 2022 ఆదేశం ముందుకు వస్తాయి. నగరం దుర్ఘటన ఈ రెండు చరిత్రలు ఒకటేనని చూపే సందర్భం. సంపూర్ణ బాధ్యత సిద్ధాంతానికి మన దేశంలో లోటు లేదు. లోటు ఉన్నది దాన్ని అమలు చేయడానికి కావలసిన ముందస్తు సాక్ష్యంలో. బావి తవ్వకముందు ఆ చుట్టుపక్కల బావుల నీటిలో ఉప్పు ఎంత, గుంట ఎప్పుడు తవ్వారు, ఎప్పుడు కప్పారు, అందులో ఏముంది, ఏ సర్వే నంబరులో ఉంది అనే వివరాలు తెలుగులో పంచాయతీ కార్యాలయంలో దొరికినప్పుడు, అయిదేళ్ల గడువుకు ఆరంభం ఎప్పుడో రైతు చెప్పగలడు. 2025 నియమాలు జిల్లా యంత్రాంగంపై పెట్టిన అర్ధసంవత్సర నివేదిక బాధ్యత ఆ పనికి చట్టబద్ధమైన వీలు కల్పిస్తోంది. కోనసీమలో కప్పివేసిన గుంటల జాబితాతో ఆ నివేదిక మొదలు కావాలి.